బస్టాపులో కొర్ర

కొత్తగా వ్యవసాయ శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ అనుభవంలో నుంచి మాకొక మంచి మాట చెప్పండి మేడమ్" అని అడుగుతారు. చేను మొగదల అడ్డం వేసిన కంపను ఎప్పుడూ పీకొద్దు అని చెబుతాను. వాళ్ళు మర్యాదకు నవ్వి, ఇంకాస్త పెద్ద మాట ఏదైనా వస్తుందేమోనని నా ముఖం వైపు చూస్తారు. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. దాని వెనక ఒక కథ ఉంది గానీ, అది చెప్పేసరికి వాళ్ళ బస్సు వెళ్ళిపోతుంది. అందుకే రాసి పెడుతున్నాను.

ఉద్యోగమంతా మార్కాపురం, గిద్దలూరు వైపే విస్తరణాధికారిగా చేశాను. చేరిన కొత్తలో "కలగాపులగం సేద్యం మానండి, చేనంతా ఒకటే పంట వేయండి, బాగుపడతారు" అని జీపుకు మైకు కట్టి ఊరూరా చెప్పించేవాళ్ళు. ఉద్యోగం చివరికొచ్చేసరికి వానల వరస తలకిందులైంది. రావలసినప్పుడు మొహం చాటేసి, కోతలప్పుడు కుండపోతగా కురవడం మొదలుపెట్టాయి. అప్పుడు పైనుంచి కొత్త మాట వచ్చింది. ఒకే పంటను నమ్ముకుంటే మునిగిపోతారు, రకరకాలు కలిపి వేయండి అని. జీపు మారింది, మైకు అదే. రైతులు రెండుసార్లూ శ్రద్ధగా విని, రెండుసార్లూ టీ తాగించి పంపించారు.

నా రిటైర్మెంటు దగ్గర పడిన రోజుల్లో, రకరకాల పంటలున్న నమూనా క్షేత్రం ఒకటి తయారు చేయాలని మా డివిజన్‌కు ఆదేశం వచ్చింది. పైనుంచి ఒక బృందం వచ్చి చూస్తుందట. తయారు చేయడమెందుకు, తయారుగా ఉన్నదే చూపిస్తానని మా పెద్దసారును రాచర్ల దగ్గర ఒక ఊరికి తీసుకెళ్ళాను.

ఆ చేను ఒక పెద్దమ్మది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆమెకు నేను "పాప"నే. భర్త ఏడాదిలో సగం గొర్రెల మందతో నల్లమల అంచున తిరుగుతుంటాడు, సేద్యం భారమంతా ఆమె మీదే. చేను రెండు చెక్కలు. రోడ్డు పక్కనున్న కింది చెక్కలో తొందరగా చేతికొచ్చే పెసర, సజ్జ, కొర్ర సాళ్ళు సాళ్ళుగా వేసేది. పై చెక్కలో చలికాలం దాకా నిలిచే కంది, ఆముదం, అనుములు. వాన ఎక్కువైతే ఒకటి పోయేది, తక్కువైతే ఇంకొకటి పోయేది. అన్నీ ఒక్కసారిగా పోయిన ఏడాది తనకు గుర్తు లేదనేది.

వాటిలో కొర్ర సంగతి కొంచెం వేరు. అంతకు ముందటి ఏడాది కరువులో ఊళ్ళో చాలా ఇళ్ళలో విత్తనానికి దాచిన కొర్ర కూడా తిండికే అయిపోయింది. ఈమె దగ్గర ఒక కుండెడు మిగిలింది. దాన్నే ఈ చేలో వేసింది, కోతయ్యాక అందరికీ విత్తనం ఇస్తానని ఊళ్ళో ఆడవాళ్ళకు మాటిచ్చింది. అంటే ఆ కొర్ర సాళ్ళలో వాళ్ళింటి ఏడాది కూడు ఉంది, ఊరికి వచ్చే ఏటి విత్తనమూ ఉంది. ఇది మరిచిపోకండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

మా పెద్దసారు డెల్టా మనిషి. కాలవ నీళ్ళు, కనుచూపు మేరా ఒకే ఎత్తున ఉండే వరిచేలు చూసి పెరిగినవారు. చెడ్డవారు కాదు. కింది ఉద్యోగి ఇంట్లో జబ్బు చేస్తే తన కారిచ్చి పంపే మనిషి. షుగరు వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం క్యారియర్‌లో కొర్రన్నమే తెచ్చుకునేవారు, ఒంగోలులో ఏదో పెద్ద దుకాణంలో అందమైన ప్యాకెట్లలో కొనేవారు. చేలో నిలబడి ఉన్న కొర్రను మాత్రం ఆ రోజే మొదటిసారి చూశారు.

"ఇదేంటండీ, గడ్డి పీకించలేదా?" అన్నారు.

"మీ క్యారియర్‌లో ఉండేది ఇదే సార్" అన్నాను.

ఆయన వంగి కాసేపు చూసి, నమ్మీ నమ్మనట్టు తలాడించారు. పెద్దమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూడమ్మా, పెద్ద బృందం వచ్చి నీ చేను చూస్తుంది. వాళ్ళు చూసేదాకా ఈ పంటలన్నీ చేలో ఉండాలి" అని సారు చెప్పారు.

"చూస్తే నాకేమొస్తాది సారూ?"

"ఏం కావాలి?"

"కల్లం గావాల. సిమెంటుది."

అడగడంలో న్యాయం ఉంది. ఆ ఊరికి కల్లం లేదు. కోసిన పంటంతా తారురోడ్డు మీద ఎండబెట్టి, వచ్చేపోయే లారీల చేత తొక్కించి, గింజలతో పాటు కంకర ఏరుకునేవాళ్ళు. అయితే పెద్దమ్మకు కల్లం మీద ఉన్న కోరిక వెనక ఇంకో సంగతి ఉందని తరువాత తెలిసింది. పక్క ఊరికి కల్లం వచ్చింది, ఆ ఊళ్ళో ఆమె చెల్లెలు ఉంది. "కల్లమొచ్చినప్పటి సంది దాని నడకే మారిపోయింది పాపా. మా యింటికొస్తే రోడ్డు మీద కొర్ర జూసి, అయ్యో అక్కా, ఇంకా ఈడనే ఆరబోస్తాండారా అంటాది" అని నా దగ్గర పళ్ళు కొరికింది.

బృందం చూసి సంతోషపడితే కల్లం ఖాయమని సారు మాటిచ్చారు. ఇవ్వగలిగిన అధికారం ఆయనకు లేదని నాకు తెలుసు. ఉందని ఆయన నిజంగానే అనుకున్నారు.

ఇక్కడ మా సహోద్యోగి ఒకాయన గురించి చెప్పాలి. బోర్డులు రాయించడంలో, పాతించడంలో మా డివిజన్‌లో ఆయన్ను మించినవాడు లేడు. ఏ పథకం వచ్చినా ముందు బోర్డు వచ్చేది, పథకం నిదానంగా వెనక నడిచి వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది కూడా. పెద్దమ్మ చేలో ఒక్కో పంట సాలు ముందు ఒక్కో బోర్డు నిలబెట్టాడు. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. పెద్దమ్మకు చదువు రాదు. "నా చేలో ఏమేసినానో నాకు దెలుసు గదా నాయనా, ఇవి యెవురికి?" అని అడిగింది. బృందానికి అని చెప్పాడు. "వాళ్ళకు కొర్ర యేదో సజ్జ యేదో తెలీదా? పాపం" అంది.

బృందం వస్తానన్న రోజుకు రాలేదు. ఇంకో తేదీ ఇచ్చారు, అదీ దాటిపోయింది. మాకు తేదీలు వాయిదా పడతాయి, పైరుకు పడవు. రకరకాల పంటలు వేసేదే అవి రకరకాల రోజుల్లో చేతికి రావాలని. ముందు పెసర, తరువాత సజ్జ, ఆ వెనక కొర్ర, చలికాలంలో కంది, ఇట్లా ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి ఇంటికి రావాలి. మా సారుకేమో అన్నీ ఒకే ఫోటోలో కావాలి.

మొదట పెసర ఎండింది. బృందం వచ్చేదాకా కాయ కోయొద్దని సారు ఫోన్ చేయించారు. పెసరకాయ ఎండితే చెట్టు మీదే చిట్లి గింజ రాలిపోతుంది. పెద్దమ్మ ఎవరినీ అడక్కుండా కోసుకుని ఇంట్లో పెట్టుకుంది. "కూడు కుండలో అట్లే ఉండాల, బిడ్డ మాత్రం లావు గావాలంటే యెట్ల పాపా?" అని నన్నే నిలదీసింది. తరువాత సజ్జ కంకులు ముదిరాయి. ఇంకొక్క వారం అన్నారు. కల్లం మీద ఆశతో ఈసారి ఆగింది. మంచె మీద నిలబడి పగలంతా వడిసెలతో రాళ్ళు విసిరింది, అయినా పిట్టలు సగం తినేశాయి. నేను వెళ్ళేసరికి మిగిలిన సగం కోసేస్తూ కనిపించింది.

"మీ బృందం రాలేదు గానీ పిట్టల బృందం వచ్చి చూసిపోయింది పాపా. బాగుందంట" అంది.

పెసర లేదు, సజ్జ లేదు, వాటి బోర్డులు మాత్రం ఖాళీ నేలకు కాపలాగా నిలబడి ఉన్నాయి. వీటిని పీకేద్దామా అని మా సహోద్యోగిని అడిగితే, రికార్డులో ఉన్నన్ని బోర్డులు చేలో ఉండాలన్నాడు. రికార్డు ఎవరు తయారు చేశారని అడిగాను. ఆయనే.

ఇంతలో కొర్ర పండింది. మంచి కొర్ర. కంకులు నక్కతోకల్లాగా బరువుకు వంగి, గాలి వీస్తే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందని ఫోన్లలో వార్తలు మొదలయ్యాయి. అప్పుడే బృందం ఎల్లుండి ఉదయం తప్పకుండా వస్తుందనే కబురూ వచ్చింది.

నేను పొద్దున్నే ఆటో ఎక్కి చేనుకు పోయాను. ఎండ ఉంది గానీ అందులో ఏదో ఉక్క. తూర్పున మబ్బు మందంగా పేరుకుంటోంది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని ఒకసారి మబ్బును, ఒకసారి కొర్రను చూస్తోంది. పక్కన కొడవలి ఉంది గానీ చేతిలో లేదు. పెసర దగ్గర నన్ను అడగను కూడా అడగని మనిషి, ఇప్పుడు కదలడం లేదు.

"ఇంకా కొయ్యలేదేం పెద్దమ్మా?"

"ఎల్లుండే గదా వస్తాండేది? ఇన్నాళ్ళు ఆగినా, ఈ రెండు దినాలు ఆగలేనా? కల్లం నోటికాడికొచ్చింది పాపా."

"వాన పడితే?"

"పడకపోతే?"

నేను సారుకు ఫోన్ చేశాను. ఆమె వినాలని స్పీకర్ ఆన్ చేశాను.

"సార్, కొర్ర పండిపోయింది. ఇప్పుడు తడిస్తే కంకిలోనే మొలకలొచ్చేస్తాయి. తిండికీ పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. ఈ రోజే కోయించాలి."

"వాన నెల్లూరు వైపు పోతుందటండీ. రెండు రోజులు ఎలాగోలా నిలబెట్టండి. కొర్ర కూడా లేకపోతే ఆ చెక్కలో ఏం చూపిస్తాం?"

"వాన ఇటు వస్తే సార్?"

"టార్పాలిన్లు కప్పించండి" అన్నారు.

"నిలబడి ఉన్న పైరు మీదా? చేనంతటికీనా సార్?"

"చేనంతా ఎందుకు, వాళ్ళకు కనపడే మేరకు."

పెద్దమ్మ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "కప్పొచ్చేమో పాపా?" అని అడిగింది. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. అంత తెలివైన మనిషిని, ఒక సిమెంటు పలక ఆశ చూపించి మా ఆఫీసు మనిషిలా మార్చేశామే అని మా అందరి మీదా మండింది. ఫోన్ కట్ చేశాను.

"పెద్దమ్మా, నీ కల్లం వస్తుందో రాదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. వాన మాత్రం వస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళకు విత్తనమిస్తానని మాటిచ్చింది నువ్వు. కొయ్యి."

"మీ సారు వద్దన్నాడు గదా?"

"సారుతో నేను చెప్పుకుంటా."

"కల్లం పోతే?"

"పోతుంది."

మబ్బు ఇంకాస్త పైకొచ్చింది. చివరికి లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. "మా చెల్లెలి కండ్లు చల్లబడతాయిలే" అంటూ కొడవలి అందుకుంది.

ఊళ్ళోకి కబురు పోయింది. ఈ రోజు నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను అనే బదులు పనులు ఆ ఊళ్ళో మామూలే గానీ, ఆ రోజు బదులు మాట ఎవరూ ఎత్తలేదు. అది తమ విత్తనమని అందరికీ తెలుసు. ఆడవాళ్ళు వరసగా నిలబడి కోసుకుంటూ పోయారు. నేనూ కొడవలి పట్టుకున్నాను. రెండు కట్టలు కోసేసరికి నా పనితనం చూసి ఒకామె, "మేడమ్మా, నువ్వు మోపులు మొయ్యి, కోత మాకిడ్సిపెట్టు" అంది.

మధ్యాహ్నం దాటేసరికి చేను ఖాళీ అయింది. ఇక ఎక్కడ పెట్టాలనేది వచ్చింది. పెద్దమ్మ ఇల్లు కారుతుంది. బడికి తాళం, అయ్యవారు మార్కాపురంలో ఉన్నాడు. ఊళ్ళో కారని కప్పు, పైగా మూడు వైపులా గోడలున్నది ఒక్కటే, రోడ్డు మీది బస్టాపు. ఎవరో ఆ మాట అనేసరికి అందరూ మోపులెత్తుకుని అటు నడిచారు. అరుగు మీద నుంచి కప్పు దాకా కొర్ర కట్టలు పేర్చారు. సందులేకుండా నిండిపోయింది. సాయంత్రం బస్సు కోసం వచ్చిన వాళ్ళు లోపలికి తొంగి చూసి, వేపచెట్టు కింద నిలబడ్డారు.

నేను ఇల్లు చేరేలోపే వాన అందుకుంది. నెల్లూరు వైపు పోయిందో లేదో తెలియదు గానీ మా వైపు మాత్రం మర్నాడంతా వదలకుండా కురిసింది. చుట్టుపక్కల కోయకుండా మిగిలిన కొర్ర, సజ్జ నేలకు ఒరిగి కంకుల్లోనే పచ్చగా మొలకలెత్తాయి. పెద్దసారుకు నేనే ఫోన్ చేసి కోయించిన సంగతి చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. సాయంత్రానికి మెమో పంపించారు. పై అధికారి ఆదేశాలకు విరుద్ధంగా నమూనా క్షేత్రాన్ని ధ్వంసం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ధ్వంసం అనే మాట చదివి, కోత కోయడాన్ని ఇట్లా కూడా అనొచ్చా అని ఆశ్చర్యపోయాను.

వాన వెలిసిన మర్నాడు బృందం నిజంగానే బయలుదేరింది. అప్పుడు మా సహోద్యోగి రంగంలోకి దిగాడు. తెల్లారేసరికి రాచర్ల అవతల ఎక్కడో ఆలస్యంగా వేసిన చేలో నుంచి సగం పచ్చి కొర్ర మొక్కలు కోయించి ఆటోలో వేసుకొచ్చాడు. నేల మెత్తగా ఉంది. దారి వెంట, బృందం నిలబడే చోటుకు ఎదురుగా, కోతకు మిగిలిన కొయ్యకాళ్ళ మధ్య వాటిని ఒక్కొక్కటిగా గుచ్చించాడు. నేను వెళ్ళేసరికి "కొర్ర" అనే బోర్డు వెనక నిజంగానే కొర్ర నిలబడి ఉంది.

పెద్దమ్మ గట్టు మీద నిలబడి బుగ్గ మీద వేలు పెట్టుకుని చూస్తోంది. "నా జన్మలో నాట్లేసిన కొర్ర జూడలేదు పాపా" అంది.

అంతటితో ఆగినా బాగుండేది. మా సహోద్యోగి చివరగా ఒకసారి చుట్టూ చూసి, చేను మొగదల అడ్డంగా ఉన్న తుమ్మకంపను గమనించాడు. పెద్దవాళ్ళ బట్టలకు తగులుకుంటుందని దాన్ని పీకి గట్టు అవతలికి విసిరేశాడు. ఆయన టౌనులో పుట్టి పెరిగినవాడు. నేను అప్పుడు కార్ల వైపు చూస్తున్నాను, పెద్దమ్మ బోర్డుల వైపు చూస్తోంది.

ఆ కంప సంగతి చెప్పాలి. మా పడమటి ఊళ్ళలో చేలకు కంచెలుండవు. చేలోకి దారి ఉన్న చోట ఒక కంప అడ్డం వేస్తారు. దాన్ని దాటలేని గొర్రె పుట్టలేదు. అది గొర్రెలకు కాదు, కాపరికి చెప్పే మాట. కంప ఉందంటే లోపల ఇంకా మనుషుల తిండి ఉంది, మంద తోలొద్దని. కంప తీసి పక్కన పడేశారంటే, మా పనైపోయింది, మిగిలిన మోడూ మొక్కా మీ మందకే, మేపుకుని ఎరువు వదిలి పొమ్మని. కాపరి ఎవరైనా సరే, కంప లేని చేలోకి అడగకుండా మంద తోలుకోవచ్చు. తోలకపోతేనే చేనుగలవాళ్ళు ఏమైనా అనుకుంటారు.

కార్లు వచ్చి ఆగాయి. బృందానికి పెద్ద ఒక ముసలాయన, బక్కపలచని మనిషి, తక్కువ మాట్లాడేవాడు. పెద్దసారు ఆయన్ను దారి వెంట నడిపిస్తూ పెసర బోర్డు, సజ్జ బోర్డు దగ్గర "ఇవి ఇప్పటికే కోతకొచ్చాయి సార్" అంటూ దాటించి, కొర్ర ముందు ఆపారు.

"చూడండి సార్. ఇంత వాన పడింది, చుట్టుపక్కల పైర్లన్నీ నేలకొరిగాయి. ఈ కొర్ర మాత్రం చెక్కు చెదరలేదు. వాతావరణ మార్పును తట్టుకోవడం అంటే ఇదే సార్" అన్నారు. ఆయన గొంతులో సందేహం లేదు. ఆ మొక్కల సంగతి సహోద్యోగి ఆయనకు చెప్పాడో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు.

అప్పుడే వెనక నుంచి గొర్రెల అరుపులు వినిపించాయి. పెద్దమ్మ మొగుడు వారాల తరబడి నల్లమల అంచున తిరిగి ఆ పొద్దే మందతో ఊరికి దిగాడు. పై చెక్క మొగదల కంప ఉంది, కింది చెక్క మొగదల లేదు. కొర్ర కోసేసి కాసిని మొక్కలు మందకు వదిలిపెట్టారని సంబరపడి, ఈల వేసి తోలేశాడు. మంద కార్ల మధ్య నుంచి, బృందం మధ్య నుంచి చేలోకి దిగింది.

మొదటి గొర్రె ఒక కొర్ర మొక్కను నోటితో పట్టి లాగింది. మొక్క అట్లాగే బయటికొచ్చింది. గొర్రె కూడా ఒక్క క్షణం ఆశ్చర్యపడినట్టు ఆగింది. తరువాత అన్నీ మొదలుపెట్టాయి. నమూనా క్షేత్రం మా కళ్ళ ముందే వేర్లు లేకుండా లేచి నడవసాగింది. "హేయ్! హేయ్!" అని మా సహోద్యోగి, బృందానికి స్వాగతం చెప్పడానికి తెచ్చిన ఫ్లెక్సీ ఊపుతూ పరుగెత్తాడు. ఫ్లెక్సీలో ఆకుపచ్చ ఎక్కువ ఉండటం వల్ల కాబోలు, రెండు గొర్రెలు అటు కూడా వెళ్ళాయి.

"ఏందిమే ఇది, యెవురు వీళ్ళంతా?" అని పెద్దమ్మను మొగుడు అడిగాడు.

"మంద తోలినావేందయ్యా, కండ్లు లేవా?"

"కంప యాడుంది? కంప తీసేసి నన్నంటావేంది?"

ముసలాయన వంగి ఒక మొక్క తీసుకున్నారు. కొడవలి తెగ్గోసిన కొసను వేలితో తడిమారు. పెద్దసారు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, ఈ కొర్రకు వేర్లు ఏవి?" అని ఆయన పెద్దమ్మను అడిగారు.

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తలాడించాను. ఇంకేం చేయను?

"మా కొర్ర వేర్లు ఈడనే ఉండాయి సారూ, ఆ కొయ్యకాళ్ళ కింద. కంకులు బస్టాపులో ఉండాయి. ఈ నడాన ఉండేదంతా మా సారోళ్ళు పడిన కష్టం" అంది.

ముసలాయన నవ్వు ఆపుకోలేకపోయారు. బస్టాపు చూపించమన్నారు. అందరం రోడ్డు మీదికి నడిచాం, వెనక మంద కూడా కొంత దూరం వచ్చింది. బస్టాపు నిండా కొర్ర కట్టలు, ఒక్క గింజ తడవలేదు. ఆయన ఒక కంకి తీసి అరచేతిలో నలిపి ఊది, గింజలను చాలాసేపు చూశారు. వానకు ముందు ఎవరు కోయమన్నారని అడిగారు.

అప్పుడు మా పెద్దసారు గొప్పతనం చూశాను. ఒక్క అడుగు ముందుకేసి, "మా సిబ్బందే దగ్గరుండి కోయించారు సార్. ఇది మేం ఏర్పాటు చేసిన సామూహిక విత్తన బ్యాంకు" అన్నారు. నా సంచిలో ఆయన ఇచ్చిన మెమో ఇంకా ఉంది. మర్నాడు ఆఫీసులో నన్ను పిలిచి, ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి అని మెల్లగా అడిగారు. ఇచ్చేశాను. వెళ్ళబోతుంటే, ఆ కొర్ర కొంచెం మనకు దొరుకుతుందేమో కనుక్కోమన్నారు. పెద్దమ్మను అడిగితే, "ముందు విత్తనం. మిగిల్తే సారుకు. మిగల్లేదంటే టార్పాలిను కప్పుకొని పండుకోమను" అంది. మొదటి మాట మాత్రమే ఆయనకు చేరవేశాను.

బృందం చాలా మెచ్చుకుని రాసిందట. కొన్నాళ్ళకు బస్టాపు నెత్తిన "సామూహిక విత్తన బ్యాంకు" అని పచ్చటి బోర్డు వచ్చింది, మా సహోద్యోగి చేతి చలవ. దాని వల్ల జరిగిందేమిటంటే, కల్లం అడిగినప్పుడల్లా, ఆ ఊరికి ధాన్యం భద్రపరిచే ఏర్పాటు ఇదివరకే ఉంది గదా అని ఫైలు వెనక్కి వస్తోంది. నేను రిటైరయ్యేదాకా తిరిగాను, రిటైరయ్యాక కూడా తిరిగాను. కల్లం రాలేదు. కోయమని చెప్పిన రోజు "పోతుంది" అన్నాను, పోయింది. ఈ ఒక్క విషయంలో నేను ఆమెకు చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు ఇప్పటికీ బాధపడతాను.

నాకూ షుగరు వచ్చింది. కొర్ర తినమని డాక్టరు చెప్పాడు. మొన్న కోతల కాలంలో మార్కాపురం దుకాణాల్లో ప్యాకెట్లు చూసి, మనసొప్పక పెద్దమ్మ దగ్గరికే పోయాను. ఆమె నడుం వంగింది, నోరు వంగలేదు. కొర్ర కొలిచి పోసి, ఆపైన ఇంకో దోసెడు పోసి, "పోయినేడు మా చెల్లెలు వచ్చి ఇత్తనాలకు అడిగి తీసకపోయింది పాపా. వాళ్ళ కల్లం మీద ఆరబెట్టేదానికి కొర్ర ల్యాకపాయె" అని మనసారా నవ్వింది.

మూట చంకన పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి వాన మొదలైంది. బస్టాపు కప్పు దాకా కొర్ర కట్టలున్నాయి. ఈసారి ఒక్క ఇంటివి కావు, మోపు మోపుకూ ఒక్కో గుర్తు గుడ్డపేలిక కట్టి ఉంది. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు, అందరూ బయట వానలో నిలబడి ఉన్నారు. ఎవరో పరాయి ఊరి మనిషి బైకు ఆపి పరుగెత్తుకొచ్చి, "బస్టాపులో గడ్డి పెట్టిందెవరండీ?" అని విసుక్కున్నాడు. ఒకామె తన గొడుగులో సగం అతనికి పట్టింది.

నాకు గొడుగు లేదు. తల మీద నుంచి నీళ్ళు కారి చీరంతా తడిసి ముద్దయింది. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఎన్నో బోర్డుల కింద నిలబడ్డాను గానీ, ఇంత సంతోషంగా ఎప్పుడూ నిలబడలేదు. చెయ్యి లోపలికి చాచి ఒక కంకిని తడిమి చూశాను. పొడిగా ఉంది.